సముద్రముపై మనవారికి కనుపించిన వింతలు

(సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యను గూర్చియు, రేవులను గూర్చియు, వేటనిషేధకాలపు భృతిని గూర్చియు ఈ వేదికపై మాటలాడుటకు మనలో సమర్థులు పెక్కురు గలరు. కార్యదర్శిగారు మాకు వేరొక విషయము నప్పగించిరి. సముద్రముపై వేటకు బోయిన మనవారి కప్పుడప్పుడు కనుపించునట్టివియు, ఇది యిట్టిదని చెప్ప వీలులేనట్టివియు నగు వస్తువులను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కోరిరి. సభికుల వినోదమునకై యీ విషయము నేర్పరచిరని కొందరు తలపవచ్చును. వినోదముండుట దోషము గాదు. కాని యిందు మనవారి ప్రాణములకును, మనవారి మాట విలువకును సంబంధించిన సంగతులున్నవి. వానినే మనవి చేయ నుద్దేశించితిమి.

పట్టణమంతయు నిద్రించు వేళ సముద్రముపై మేలుకొని యుండువారెవరు? ఓడలవారు కొందరు, నౌకాదళమువారు కొందరు. తక్కినవారందరును మన జాలరి, వాడబలిజ, పల్లి, అగ్నికుల క్షత్రియ సోదరులే. సింహాచలము కొండను, యారాడ కొండను గురుతు పెట్టుకొని పడవ యెచ్చట నున్నదో చెప్పగలవారు. పిల్లలకోడి యెక్కిన యెత్తును జూచి రాత్రి యెంత గడచెనో చెప్పగలవారు. మబ్బు తీరునుబట్టి గాలి మారునని ముందుగా నెరుగువారు. ఇట్టి సరంగు ఒడ్డునకు వచ్చి, “నేటి రాత్రి నే నెరుగని దొకటి చూచితిని” అని చెప్పినచో, ఆ మాటకు కొంత విలువ యుండవలెను గదా?

జరుగుచున్నది వేరు. పట్టణమువారు కల్లు త్రాగి చెప్పుచున్నాడని నవ్వుదురు. మన పేటలోని పెద్దలు కొరివిదయ్యమని గాని, గంగమ్మతల్లి వెలుగని గాని తేల్చివేయుదురు. ఇక ఈ కాలపు కుర్రవారు చేతిఫోనులో చూచిన బొమ్మలనుబట్టి అన్యగ్రహములనుండి దిగిన పళ్ళెములందురు. ఈ మూడు తెగలవారికిని ఒక్క విషయమున పొత్తు గలదు. ఏ తేదీన, ఏ దిక్కున, ఎంత యెత్తున, ఎంతసేపు కనబడెనని వీరిలో నొక్కరును అడుగరు.

తీరమున ప్రతి పల్లెలోను వినవచ్చు కథ యొకటి గలదు. వేకువజామున తూర్పున నీటికి బారెడెత్తున దీపమొకటి నిలిచినది, ఎఱ్ఱగాను పచ్చగాను రంగులు మార్చినది, పడవ నడచినకొలదియు వెంట నడచినది, తెల్లవారగా మాయమైనది. ఇట్టివానిలో పెక్కింటికి కారణము శుక్రగ్రహము, అనగా మన వేగుచుక్కయే. “వేగుచుక్క నెరుగని జాలరి గలడా?” యని మీరడుగుదురు. ఉచితమైన ప్రశ్నయే. ఆకాశమున పైకెక్కిన వేగుచుక్కను మనవారందరు నెరుగుదురు. నీటి హద్దున, మంచు కమ్మిన గాలిలో, మబ్బుల సందున కనబడునది దాని రూపున నుండదు. హద్దు చెంత వెలుతురు మిక్కిలి దట్టమైన గాలిపొరలగుండ రావలసియుండుటచే అది వంగి, చెదరి, రంగులు విడిపోవును. వెంట నడచుటకు కారణము దాని దూరమే. మన మెంత నడచినను కోట్ల మైళ్ళ దూరమున నున్న దాని దిక్కు మారదు. చంద్రుడు పిల్లల వెంట పరుగెత్తుటయు నిట్టిదే గదా. ఈ భ్రమ జాలరుల సొత్తు గాదు. 2011 జనవరిలో కెనడానుండి స్విట్జర్లండునకు పోవుచున్న విమానమున, అప్పుడే నిద్రనుండి లేచిన సహచోదకుడు శుక్రుని చూచి ఎదురువచ్చు విమానమని తొలుత భ్రమపడెను. పిదప నిజముగా ఎదురుగా, వెయ్యి అడుగుల క్రిందుగా వచ్చుచున్న విమానము మీదికి వచ్చుచున్నదని తలంచి తన విమానమును హఠాత్తుగా దించగా 16 మందికి గాయములైనవి. చదువుకొన్న చోదకునకే యిట్లు జరుగగా, రాత్రియంతయు వలలాగి యలసిన మనవానిని నవ్వుట న్యాయము గాదు.

నీటిపై గాలిలో వ్రేలాడు ఓడలు, తలక్రిందులైన తెరచాపలు, లేని దీవులు కనబడుట మరియొకటి. నీటినంటియున్న గాలి చల్లగాను, దానిపై పొర వెచ్చగాను ఉండునపుడు వెలుతురు వంగివచ్చి, హద్దున కావలనున్న ఓడను మన కంటికి పైకెత్తి చూపును. మన పూర్వులు దీనికి గంధర్వనగరమని చక్కని పేరు పెట్టిరి. గాలివాన రాకకు ముందు కొయ్యల కొనలపై నీలిమంట వెలుగుట మేఘములలోని విద్యుచ్ఛక్తిచే గలుగునది. అది కనబడినచో దేవతను తలచుకొనుట మంచిదే గాని, వెంటనే ఒడ్డునకు మరలుట అంతకంటె మంచిది. మన యుక్కునగరపు కొలిమి వెలుగులును, చమురు శుద్ధిశాల మంటయు తక్కువ యెత్తున నున్న మబ్బులమీద పడి, సముద్రమునుండి చూచువానికి పడమట ఆకాశ మంటుకొన్నట్లు కనబడుటయు గలదు. ఇవి యెల్లవారెరిగినవే గాన వీనిని విస్తరింపము.

ఇక ముఖ్యమైన విషయమునకు వచ్చుచున్నాము. మన సముద్రముపై ఆకాశము తాతలనాటి యాకాశము గాదు. దక్షిణమున శ్రీహరికోట గలదు. 1979 ఆగష్టు 10వ తేదీని అచ్చటనుండి ఎస్.ఎల్.వి.-3 మొదట పైకి లేచెను. 1980 జూలై 18వ తేదీని రోహిణి యుపగ్రహమును కక్ష్యలో నుంచెను. ఉత్తరమున ఒడిశా తీరమందు చాందీపురమును, అబ్దుల్ కలాం ద్వీపమును క్షిపణి పరీక్షలకు స్థానములు. ఈ రెండు దిక్కులును విశాఖకు దాదాపు సమానమైన దూరమున, అనగా సుమారు 500 మొదలు 600 కి.మీ. దూరమున నున్నవి. అంత దూరమున నెగసినది మనకెట్లు కనబడునని యడుగవచ్చును. లెక్క సులభము. పడవలో నిలుచున్నవాని కన్ను నీటికి రెండు మీటర్ల యెత్తున నున్నచో నీటిహద్దు సుమారు 5 కి.మీ. దూరమే. కాని యెత్తున నున్న వస్తువునకు ఆ హద్దు విశాలమగును. భూమి గుండ్రని దగుటచే 500 కి.మీ. దూరమున నున్న వస్తువు 20 కి.మీ. పైకి పోగానే మన హద్దుపై తల యెత్తును. రాకెట్టు నిమిషము, రెండు నిమిషములలో అంత యెత్తున కేగును. 100 కి.మీ. యెత్తున వెలుగునది మేఘములు లేని రాత్రియందు 1,100 కి.మీ. దూరమువరకును కానవచ్చును.

ప్రొద్దు గ్రుంకిన పిదపగాని, ఉదయింపక మునుపుగాని యిట్టిది జరిగినచో చూడ ముచ్చటగా నుండును. మనకు చీకటి పడినను, అంత పైనున్న పొగకు సూర్యకాంతి తగులుచునే యుండును. పైన గాలి యొత్తిడి లేదు గాన ఆ పొగ విసనకఱ్ఱవలె, తామరపూవువలె విచ్చుకొనును. శబ్దము రాదు. అయిదారు నిమిషములలో కరగిపోవును. 2022 డిసెంబరు 15వ తేదీ సాయంకాలము కలాం ద్వీపమునుండి అగ్ని-5 క్షిపణిని పరీక్షించినపుడు పశ్చిమ బెంగాలు, ఒడిశా ప్రజలు ఆకాశమున వింతవెలుగును చూచి విభ్రాంతులైరి. పత్రికలలో కావలసినన్ని యూహలు వచ్చినవి. ఆ రాత్రియే పరీక్షవార్త ప్రకటితము కాగా సందేహము తీరినది.

అంతేకాదు. మన తీరమునకు దూరముగా సముద్రగర్భమునుండియే క్షిపణులు లేచుచున్నవి. 2013 జనవరి 27వ తేదీని విశాఖ తీరమున నీటి యడుగున నుంచిన వేదికనుండి యొక క్షిపణిని పరీక్షించిరి. 2024 నవంబరులో అరిఘాత్ అను జలాంతర్గామినుండి 3,500 కి.మీ. పోగల కె-4ను ప్రయోగించిరి. సముద్రమున బడబాగ్ని యున్నదని పురాణములలో వినియున్న మన ముసలివాడు నీటినుండి అగ్నిస్తంభము లేచుట చూచి ఆ మాటయే యన్నచో వానిని మూఢుడనరాదు. వాడు చూచినది నిజము. వానికి పేరొక్కటియే తెలియలేదు.

ఈ ప్రయోగములకు ముందు ఓడలకును విమానములకును హెచ్చరిక లిత్తురు. శ్రీహరికోట ప్రయోగములప్పుడు తీరమున మత్స్యకారులను సముద్రములోనికి పోవలదందురు. ఇవి తెలుగున, మన పేటలలోని మైకులో, అక్షాంశ రేఖాంశములతోబాటు కొండగురుతులతోను చదివించిన నెంతయు మేలగును. ఈ కోరికను మన సంఘము పక్షమున అధికారులకు వినయముగా నివేదింపవలెనని మా సూచన.

ఆకాశమున వెలిగి పోవునది యొకనాటి ముచ్చటయే. నీటిలో పడి తేలివచ్చునది యట్టిది గాదు. రాకెట్టు క్రిందిభాగములు పని తీరిన పిదప సముద్రమున పడునట్లే యేర్పాటు చేయుదురు. వానిలో కొన్ని మునుగును, కొన్ని తేలును. 2019 డిసెంబరులో పుదుచ్చేరి జాలరులకు పి.ఎస్.ఎల్.వి. ప్రక్కన గట్టు మోటారొకటి వలదారిని దొరికినది. 2023 జూలైలో పశ్చిమ ఆస్ట్రేలియా యందలి జూరియన్ బే సమీపమున ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన పెద్ద యంత్రఖండము మన పి.ఎస్.ఎల్.వి. మూడవ దశలోనిదే యని ఆ దేశపు అంతరిక్షసంస్థ తేల్చెను. ఇతర దేశములవి మనపై పడుటయు గలదు. 2022 ఏప్రిల్ 2వ తేదీ రాత్రి మహారాష్ట్రమున జనులు మండుచు పోవు దీపముల వరుసను చూచిరి. చంద్రపురము జిల్లాలోని యొక పల్లెయందు సుమారు మూడు మీటర్ల లోహపు వలయము పడెను. అది చైనా రాకెట్టుదని నిపుణులు గుర్తించిరి. ఉల్కకును దీనికిని భేదము మనవారు సులభముగా కనిపెట్టవచ్చును. ఉల్క రెండు మూడు సెకండ్లలో జారిపోవును. పాత రాకెట్టో, ఉపగ్రహమో తిరిగి పడునపుడు నిమిషమునకు తక్కువగాకుండ, బారుదీరిన కొంగలవలె, తునకలు తునకలుగా నెమ్మదిగా పోవును.

మన యుత్తరాంధ్ర తీరమునకే వత్తము. 2022 మే నెలలో అసానీ తుపాను వేళ శ్రీకాకుళము జిల్లా సంతబొమ్మాళి మండలములోని సున్నాపల్లి రేవునకు బంగారు వన్నె రథమొకటి కొట్టుకొనివచ్చెను. అలలలో నూగుచు వచ్చు ఆ బుద్ధమందిరమును మనవారు త్రాళ్ళు గట్టి లాగి ఒడ్డునకు చేర్చిరి. బంగారు రథమని జిల్లాయంతయు ప్రాకిన వార్తకు తుద నేమైనదనగా, పూత పసిడిది, లోన ఇతర ద్రవ్యము. మీది లిపినిబట్టి మయన్మారు ప్రాంతమునుండి వచ్చియుండునని యూహించిరి. తుపాను అండమాను సముద్రము వైపునుండియే వచ్చినది గాన ఇది యసంభవము గాదు. 2023లో అదే మండలములోని భావనపాడు చెంత విమానము వంటి వస్తువొకటి జాలరులకు దొరికినది. దానిపై బాన్షీ యని వ్రాసియున్నది. క్షిపణులకు గురిగా నెగురవేయు మనుష్యరహిత విమానమున కది పేరు. అదే సంవత్సరము సెప్టెంబరు మాసాంతమున మన విశాఖ వై.ఎం.సి.ఎ. తీరమునకు గొప్ప కొయ్యపెట్టె వచ్చి చేరగా నిధినిక్షేపములున్నవని ఊరు విరుగబడెను. పోలీసులు కావలి కాసిరి, పురావస్తుశాఖవారు వచ్చిరి, యంత్రముతో బ్రద్దలుచేయించి చూడగా లోపలను కొయ్యయే! ఆ రాత్రి యచ్చట బజ్జీలమ్మినవానికి దక్కినదే నిధి.

నవ్వుకొనుటకు బాగుగ నున్నది. అయినను ఆలోచింపుడు. సున్నాపల్లిలో త్రాడు కట్టినవారికి అది రథమని తెలియుటకు ముందు ఏమని తెలియును? భావనపాడు చెంత ఆ విమానమును పట్టుకొన్నవారికి దానిలో ప్రేలుడు మందు లేదని ఎవరు చెప్పిరి? రాకెట్టు ఖండములలో కొన్నిట మిగిలియుండు ఇంధనము ఊపిరికిని చర్మమునకును మహావిషము. ఇనుమునకు ధర వచ్చునని సుత్తితో కొట్టుటయు, పిల్లల కాటకు ఇచ్చుటయు మనవారికి మామూలు. తాకవలదు; పడవను గాలివాలునకు ఎదురుదిశగా నుంచి, స్థానము గురుతించి, కోస్టుగార్డు వారి 1554 సంఖ్యకు తెలుపవలెను. చెప్పినందులకు నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పవలసి వచ్చును, ఒకనాటి వేట పోవును. ఆ భయముననే పలువురు చూచియు చూడనట్లు వచ్చుచున్నారని మాకు తెలియును. ఇచ్చట పోషకులుగా విచ్చేసిన యధికారులకు మా మనవి యొక్కటే: నిజము చెప్పవచ్చిన జాలరిని సాక్షిగా నెంచుడు, అనుమానితునిగా నెంచవలదు. ఆ వస్తువు మీదైనచో రహస్యములు చెప్పనక్కరలేదు. భయము లేదనియో, దూరముగా నుండుడనియో యొక్క మాట చెప్పిన చాలును.

సముద్రముపై కనబడినదెల్ల వినోదము గాదని విశాఖ రెండుమార్లు తెలిసికొన్నది. 1942 ఏప్రిల్ 6వ తేదీని ఆకాశమున సముద్రముపైనుండి వచ్చినవి ర్యూజో యను జపాను విమానవాహకనౌకనుండి లేచిన విమానములు. అవి మన పట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. జనులు మూటలు గట్టుకొని లోతట్టు గ్రామములకు పరుగెత్తిరి. ఆ దినములలోనే బంగాళాఖాతమున పెక్కు వర్తకపు టోడలు జపాను వారిచే ముంచబడినవి.

రెండవది మన పేటల పెద్దలలో కొందరెరిగినదే. 1971 డిసెంబరు 3వ తేదీ సాయంకాలము యుద్ధ మారంభమైనది. నాటి యర్ధరాత్రము దాటిన కొలదిసేపటికి రేవు వెలుపల సముద్రమున గొప్ప విస్ఫోటనము జరిగెను. తీరమునందలి యిండ్ల కిటికీలు గజగజలాడెను. పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మన వాకిటిలో మునిగినది. అమెరికా నౌకాదళమున డయాబ్లో యను పేర నుండి పాకిస్తానునకు వచ్చిన ఓడ యది. మన విక్రాంతును ముంచుటకై వెదకుచు వచ్చినది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారు విక్రాంతును అండమానుల వైపు దాచియుంచి, అది విశాఖయందే యున్నట్లు శత్రువునకు తోచునట్లు చేసిరి. రాజ్‌పుత్ అను యుద్ధనౌక రేవు దాటుచు నీటిలో బాంబులు విడిచినది.

అయినను ఏమి మునిగెనో, అసలు మునిగెనో లేదో, ఆ రాత్రి రూఢిగా నెవరును చెప్పజాలకపోయిరి. నీటిపై చమురు తెట్టెను, తేలియాడు తునకలను చూచి నౌకాదళమువారికి వార్త తెచ్చినవారు జాలరులు. వారు తెచ్చిన వానిలో ప్రాణరక్షణపు చొక్కా యొకటి యున్నదనియు, ఇట్టి గురుతులనుబట్టియే శోధన సాగెననియు నౌకాదళ కథనములు చెప్పుచున్నవి. పిదప ఈతగాండ్రు మునిగి చూచి జలాంతర్గామియే యని నిర్ధారణ చేసిరి. బీచిరోడ్డున 1996లో కట్టిన విజయస్మారకము ఆ యుద్ధమునకు గురుతు.

ఘాజీ యెట్లు మునిగెనన్న ప్రశ్నకు నేటికిని రెండు మతములు గలవు. రాజ్‌పుత్ విడిచిన బాంబులచే నని మన నౌకాదళమువారందురు. తన మందుపాతరలే ప్రేలుటచేతనో, లోన గలిగిన ప్రమాదముచేతనో నని ఇతరులందురు. చప్పుడు ఒకటియా రెండా, వెలుగు నీటిపై కనబడెనా, చమురు తొలుత ఎచ్చట తేలెను, గాలి ఏ దిక్కున నుండెను అన్న విషయములు ఆ రాత్రి, ఆ యుదయము సముద్రముపై నున్న మనవారికి తెలిసియుండును. ఆ మాటలు పుస్తకములకెక్కలేదు. మేము చదివిన కథనములలో “కొందరు జాలరులు” అను రెండు మాటలతో మనవారు ముగిసిపోయిరి. అడ్మిరలుకు పేరున్నది, ఓడలకు పేర్లున్నవి, మునిగిన జలాంతర్గామికి సయితము రెండు పేర్లున్నవి. ఆ చొక్కాను తెచ్చినవానికి పేరు లేదు.

అట్లయిన మనవారు చూచినదానికెల్ల కారణము దొరకునా? దొరకదు. అట్లని మేము చెప్పబోము. 2021 జూన్‌లో అమెరికా ప్రభుత్వము తమ సైనికులును చోదకులును తెలిపిన 144 వింతలను పరిశీలించి, గాలి పోవుచున్న పెద్ద బెలూను ఒక్కటి తప్ప తక్కినవానికి రూఢియైన కారణము చెప్పలేకపోయెను. 2023 సెప్టెంబరు 14వ తేదీని నాసావారి నిపుణసంఘము ప్రకటించిన నివేదికలో ఇవి అన్యగ్రహములవనుటకు ఆధారము లేదనియు, లోపమెల్ల సమాచారములోనే యున్నదనియు వ్రాసిరి. దేశమెంత గొప్పదైనను, యంత్రమెంత ఖరీదైనను, దిక్కును కాలమును దూరమును సరిగా వ్రాసికొననిచో చూచినది చూడనిదానితో సమానమయ్యెనన్నమాట. 2022 జనవరిలో అండమానులపై ఎత్తున తెల్లని బెలూను వంటిది కనబడినది. ఫొటోలు తీసినవారుండుటచే ఆ మాట నిలిచినది. “తెలియలేదు” అనుట సిగ్గుపడవలసిన మాట గాదు. దయ్యమనియో, పళ్ళెమనియో పేరుపెట్టి మూతవేయుటకంటె, తెలియలేదని తెరచియుంచుట మేలు. దేవతలపై భక్తిగల పెద్దలకు ఇందు వెరపక్కరలేదు. గంగమ్మతల్లి మనము తారీఖు వ్రాసికొన్నంతమాత్రమున కోపించునది గాదు.

కావున సంఘమువారి యెదుట ఒక యేర్పాటును ఉంచుచున్నాము. ప్రతి పేటలోను ఒక గట్టి యట్టపుస్తకముండవలెను. పెద్ద జాలరిపేటలో నొకటి, చేపల రేవున నొకటి, భీమునిపట్టణమున నొకటి, పూడిమడకలో నొకటి. సముద్రమున వింత చూచినవాడు ఒడ్డునకు దిగిన దినముననే, పేటలో నలుగురితో ముచ్చటింపకముందే దానిని వ్రాయింపవలెను. ఒకరి మాట యొకరి మాటలో కలిసినచో రెండును చెడును. గాన ఒకే పడవలోని సరంగును, కళాసీయు వేరువేరుగా చెప్పవలెను. చదువురాదని జంకనక్కరలేదు. మన పిల్లలలో హైస్కూలు చదువువారు లేని యిల్లు నేడరుదు. తాత చెప్పగా మనుమరాలు వ్రాయును. యెత్తును తాటిచెట్లతో చెప్పవలదు. తాటిచెట్టు దగ్గరనుండి యొక యెత్తు, దూరమునుండి యొక యెత్తు. చేయి ముందునకు చాచి వ్రేళ్ళు జోడించి నీటిహద్దునుండి ఎన్ని బెత్తెలని చెప్పినచో సరిపోవును. చాచిన చేతి బెత్తె యెవరికైనను సుమారు ఏడెనిమిది డిగ్రీలు. ఎంతసేపు కనబడెనన్నది ఫోనులోని గడియారమును చూచి చెప్పవలెను. మన పడవలలో నిప్పుడు జి.పి.ఎస్. యంత్రములున్నవి గాన స్థానము సంఖ్యలతో వ్రాయవచ్చును. శబ్దము వచ్చెనా, గాలి యెటు, మబ్బున్నదా, వలలకు నష్టము గలిగెనా యనునవియు ఉండవలెను. మనకు తోచిన కారణమును చివర వేరుగా వ్రాయుదము. తొలుత చూచినది, పిదప తోచినది. ఈ రెండింటిని కలిపివేయుటవలననే లోకములో సగము తగవులు.

సంవత్సరమున కొకసారి ఆ పుస్తకములను ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోని భౌతికశాస్త్ర, సముద్రశాస్త్రాధ్యాపకుల యెదుట నుంచి సలహా యడుగవచ్చును. వల చిరిగినపుడు, పడవకు దెబ్బ తగిలినపుడు పరిహారమునకై పెట్టుకొను దరఖాస్తుకును ఆ వ్రాత ఆధారమగును. మాటకంటె వ్రాతను కచేరీలలో మన్నింతురని మీరందరు నెరుగుదురు. పుస్తకముల ఖర్చు స్వల్పము. మన పోషకులలో నొకరి యింట పెండ్లి తాంబూలములకగు వ్యయములో నూరవవంతు చాలును; ఈ మాటకు వారు మమ్ము మన్నింతురుగాక.

ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వరకు 61 దినములు వేటనిషేధము. పడవలు ఒడ్డున నుండును; మనుష్యులు ఇండ్ల నుందురు; వలలు బాగుచేసికొనుచు మాటలాడుట కది మంచి కాలము. ఆ దినములలో తొలిపుటలు వ్రాయింపవలెను. 1971లో ఇరువదియేండ్ల ప్రాయమున నావ నెక్కినవారికి నేడు డెబ్బది దాటినవి. వారిలో కొందరు ఈ సభలో వెనుక వరుసలలో కూర్చుండియున్నారు. ఆ రాత్రి చప్పుడు వినిపించినపుడు ఎచ్చట నుండిరి, ఎవరి తెప్ప ముందుగా చమురు తెట్టెను చేరినది, ఆ చొక్కాను నీటినుండి ఎవరు తీసిరి? వారు చెప్పగలిగినంతయు, భేదములున్న భేదములతోనే, వారి పేర్లతో వ్రాయుదము. మొదటి పుస్తకమును, రెండు కలములను మేము కొని తెచ్చితిమి. సభ ముగిసిన పిదప అవి కార్యదర్శిగారి బల్లపై నుండును.